నవంబరు 14న పుట్టిన మరొకరు

నవంబరు 14 అనగానే బడిలో నెహ్రూ పటం, దండ, ఆటల పోటీలు, చివర్లో మిఠాయి. గడ్‌చాందూర్, ఉప్పర్వాహి, కోర్పనా, రాజూరా వైపు మన పిల్లలు చదివే బడుల్లోనూ ఇదే వరస. అదే తేదీ ప్రపంచ మధుమేహ దినం కూడా అని చాలా బడుల్లో గుర్తుండదు. ఈ రెండూ ఒకే రోజు రావడం కేవలం కాకతాళీయం. నెహ్రూ పుట్టింది 1889లో. సరిగ్గా రెండేళ్ల తర్వాత, 1891 నవంబరు 14న, కెనడాలో ఒంటారియో రాష్ట్రంలోని అలిస్టన్ అనే ఊరి దగ్గర ఒక రైతు ఇంట్లో ఫ్రెడరిక్ బాంటింగ్ పుట్టాడు. అయిదుగురు పిల్లల్లో చివరివాడు. మిఠాయి కోసం నిలబడ్డ వరుసలో షుగర్ ఉన్న పిల్లో పిల్లాడో ఉన్నారంటే, వాళ్లు బతికి ఆ వరుసలో నిలబడటానికి కారణమైనవాళ్లలో ఇతను ముఖ్యుడు.

చిన్నప్పుడు బాంటింగ్‌ది గొప్ప చదువేమీ కాదు. పొలం పని, పశువులు, గుర్రాలు ఇష్టం. మనుషులతో మాట్లాడాలంటే బిడియం. అక్షరదోషాలు మాత్రం జీవితాంతం అతన్ని వదల్లేదు. 1910లో టొరంటో విశ్వవిద్యాలయంలో మామూలు డిగ్రీలో చేరి మొదటి సంవత్సరమే తప్పాడు. 1912లో వైద్యంలోకి మారాడు. అక్కడా మధ్యరకం విద్యార్థే. తరగతిలో వెనక బెంచీలో కూర్చునే పిల్లలకు ఈ సంగతి కాస్త ధైర్యమివ్వవచ్చు గానీ, అక్కడితో ఆగకూడదు. మార్కులు రాకపోయినా, పట్టుకున్న పని విడవని మొండితనం అతనిలో ఉండేది. తర్వాత అతనికి మేలు చేసిందీ అదే, స్నేహితులను దూరం చేసిందీ అదే.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. సైన్యంలో చేరబోతే కంటిచూపు బాగాలేదని వెనక్కి పంపారు. మళ్లీ ప్రయత్నించి చేరాడు. యుద్ధానికి డాక్టర్లు కావాలని ఆ ఏడు చదువును కుదించి, 1916 డిసెంబరులోనే వాళ్ల తరగతికి పట్టా ఇచ్చేశారు. 1918 సెప్టెంబరులో ఫ్రాన్సులో కాంబ్రే దగ్గర ఫిరంగి గుండు ముక్క కుడిచేతిలో దిగింది. ఆ గాయంతోనే గంటల తరబడి మిగతా సైనికులకు కట్లు కట్టాడు. అందుకు మిలిటరీ క్రాస్ పతకం వచ్చింది.

ఇంటికొచ్చాక టొరంటో పిల్లల ఆసుపత్రిలో ఎముకల శస్త్రచికిత్స నేర్చుకున్నాడు. అక్కడే ఉద్యోగం దొరుకుతుందని ఆశపడ్డాడు, దొరకలేదు. 1920 జులైలో అదే రాష్ట్రంలో లండన్ అనే పట్టణంలో, ఇంగ్లండు రాజధాని కాదు, ఒక ఇల్లు తీసుకుని బోర్డు పెట్టాడు. రోగులు రాలేదు. మొదటి నెల మొత్తం సంపాదన నాలుగు డాలర్లు. ఇల్లు గడవక అక్కడి వైద్య కళాశాలలో గంటల లెక్కన పాఠాలు చెప్పడానికి ఒప్పుకున్నాడు.

ఆ పాఠమే అతని జీవితాన్ని మలుపు తిప్పింది. 1920 అక్టోబరు చివరి రాత్రుల్లో ఒకనాడు, పిండిపదార్థాలను శరీరం ఎలా వాడుకుంటుందో మర్నాడు చెప్పాలి. అతనికే ఆ విషయం సరిగా రాదు. చదువుకుంటూ కూర్చుని, నిద్రపోయేముందు ఒక పత్రికలో క్లోమం మీద వ్యాసం చూశాడు. నిద్ర పట్టలేదు. రాత్రి రెండు గంటలకు లేచి తన నోటు పుస్తకంలో నాలుగు ముక్కలు గీకాడు. అందులో మధుమేహానికి ఇంగ్లీషులో ఉన్న పేరునే తప్పు స్పెల్లింగుతో రాశాడు. ఆ కాగితం ఇప్పటికీ భద్రంగా ఉంది, తప్పుతో సహా.

ఆ ఆలోచన ఏమిటో అర్థం కావాలంటే అప్పటికి ఏం తెలుసో చూడాలి. మూత్రం తియ్యగా ఉండే జబ్బును మన చరకుడు, సుశ్రుతుడు ఎప్పుడో గుర్తించి మధుమేహం అన్నారు. 1869లో లాంగర్‌హాన్స్ అనే జర్మన్ విద్యార్థి క్లోమంలో చిన్న చిన్న దీవుల్లాంటి కణాల గుంపులు చూశాడు. అవి ఏం చేస్తాయో అతనికి తెలియదు. 1889లో జర్మనీలోనే ఇద్దరు వైద్యులు ఒక కుక్క క్లోమం తీసేస్తే దానికి షుగర్ వచ్చింది. అంటే క్లోమంలో ఏదో ఉంది, అదే చక్కెరను అదుపులో పెడుతోంది. దాన్ని బయటికి తీయాలని చాలామంది ప్రయత్నించారు. క్లోమంలోని జీర్ణరసాలు ఆ పదార్థాన్ని చెడగొట్టేస్తున్నాయేమోనని అనుమానం. జీర్ణరసం పోయే గొట్టాన్ని ముడేస్తే, ఆ రసం చేసే కణాలు ఎండిపోతాయి, దీవులు మిగులుతాయి, అప్పుడు అసలు సరుకు దొరుకుతుంది. బాంటింగ్ రాసుకున్నది ఇదే. నిజానికి అంత తంటా అక్కర్లేదని తర్వాత తేలింది. మామూలు ఎద్దు క్లోమం నుంచే చల్లటి ఆల్కహాల్‌తో తీయవచ్చు. తప్పు దారిన బయల్దేరి సరైన ఊరు చేరిన ప్రయాణం ఇది.

ఇక్కడ ఒక మాట పెద్దలకు. పిల్లలకు వచ్చే షుగర్ చాలావరకు మన తాతలకు, నాన్నలకు వచ్చే షుగర్ కాదు. దీన్ని టైప్ 1 అంటారు. ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరపాటున క్లోమంలోని ఆ దీవులను నాశనం చేస్తుంది. ఇన్సులిన్ తయారవడం ఆగిపోతుంది. తీపి ఎక్కువ తిన్నందుకు రాదు. తల్లి సరిగా చూసుకోలేదని రాదు. ఒకరి నుంచి ఒకరికి అంటదు. బడిలో పక్కన కూర్చోనివ్వని అమాయకపు భయం ఇంకా అక్కడక్కడా ఉంది, అందుకే ఇంత గట్టిగా చెప్పడం.

1920కి ముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు కొన్ని వారాల్లో, మహా అయితే ఏడాది రెండేళ్లలో చనిపోయేవారు. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, ఎంత తిన్నా చిక్కిపోవడం, చివరికి మగత, ఊపిరి బరువెక్కడం. డాక్టర్ల చేతిలో ఒకే మార్గం ఉండేది, పస్తు. అమెరికాలో ఫ్రెడరిక్ అలెన్ అనే వైద్యుడు దాన్ని ఒక పద్ధతిగా చేశాడు. నీళ్లు మార్చి మార్చి మూడుసార్లు ఉడికించిన కూరలు, కొలిచి పెట్టిన ఒక గుడ్డు, అంతే. పిల్లలు కొంతకాలం ఎక్కువ బతికేవారు, ఎముకల గూళ్లలా. అది క్రూరమని ఇప్పుడు అనడం తేలిక. అప్పటి తల్లిదండ్రుల ముందు ఉన్నవి రెండే: ఇవాళ షుగర్‌తో పోవడం, లేదా ఇంకో ఏడాది ఆకలితో ఎదురుచూడటం. ఎదురుచూసినవాళ్లలో కొందరికి ఆ ఎదురుచూపే ప్రాణం పోసింది.

1920 నవంబరులో బాంటింగ్ టొరంటో విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ మెక్లాయిడ్‌ను కలిశాడు. చక్కెర మీద లోకమంతా ఒప్పుకునే పండితుడు మెక్లాయిడ్. ఎదురుగా కూర్చున్న కుర్ర సర్జన్‌కు ఆ విషయం అంతంతమాత్రమే తెలుసని ఆయనకు ఇట్టే అర్థమైంది. అయినా సెలవుల్లో ఖాళీగా ఉండే ఒక గది, కొన్ని కుక్కలు, ఒక సహాయకుడిని ఇచ్చాడు. సహాయకుడిగా ఇద్దరు విద్యార్థులు ఉంటే నాణెం ఎగరేసి ఎవరు ముందు పని చేయాలో తేల్చుకున్నారు. గెలిచినవాడు చార్లెస్ బెస్ట్, వయసు 22. ఓడినవాడి పేరు ఇవాళ ఎంతమందికి గుర్తుంది?

1921 మే 17న పని మొదలైంది. పైకప్పు కింద ఉక్కపోత గది, జీతం లేదు, బాంటింగ్ చివరికి తన పాత కారు కూడా అమ్ముకున్నాడు. కుక్కలు ఒకదాని తర్వాత ఒకటి చనిపోయాయి. జులై 30న క్లోమం రసం ఎక్కించిన ఒక కుక్క రక్తంలో చక్కెర తగ్గింది. ఆ తర్వాత మార్జొరీ అనే కుక్క ఇంజెక్షన్లతో చాలా వారాలు బతికింది. జంతువులపై ప్రయోగాలు సరైనవేనా అని ఇప్పటి పిల్లలు అడుగుతారు, అడగాలి కూడా. బాంటింగ్‌కు ఆ కుక్కల మీద ప్రేమ ఉండేదనీ, వాటి చావు అతన్ని బాధపెట్టిందనీ మాత్రం దాఖలా ఉంది.

డిసెంబరులో జేమ్స్ కాలిప్ అనే రసాయన శాస్త్రవేత్త వచ్చి చేరాడు. రసాన్ని శుద్ధి చేయడం అతని వంతు. అతను ఇంకొకటి కూడా చూశాడు. రసం ఎక్కువైన కుందేళ్లు వణికి, మెలికలు తిరిగి పడిపోయేవి. గ్లూకోజ్ ఎక్కిస్తే లేచి కూర్చునేవి. మందు ఎక్కువైతే అదే ప్రాణం మీదికి తెస్తుందన్న పాఠం మొదట కుందేళ్ల దగ్గర తెలిసింది. ఈ కుందేళ్ల సంగతి గుర్తుంచుకోండి, మన తరగతి గదిలో మళ్లీ దాని అవసరం పడుతుంది.

టొరంటో జనరల్ ఆసుపత్రిలో లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల కుర్రాడు ఉన్నాడు. బరువు ముప్పై కిలోలకు లోపే. ధర్మాసుపత్రి వార్డులో చేర్చిన పేద ఇంటి పిల్లవాడు. తండ్రి ఒప్పుకున్నాక 1922 జనవరి 11న బాంటింగ్, బెస్ట్ తయారుచేసిన ముదురు గోధుమరంగు ద్రవాన్ని ఆ అబ్బాయికి ఎక్కించారు. చక్కెర కొద్దిగా తగ్గింది. సూది గుచ్చినచోట చీము గడ్డ లేచింది. ఆపేశారు. కాలిప్ పన్నెండు రోజులు రాత్రింబగళ్లు శుద్ధి చేశాడు. జనవరి 23న మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి చక్కెర దిగింది, మూత్రంలో తీపి దాదాపు పోయింది, పిల్లవాడు లేచి మంచం చుట్టూ తిరిగాడు.

వార్డు నిండా స్పృహలేని పిల్లలకు వరుసగా ఇంజెక్షన్లు ఇచ్చుకుంటూ వెళ్తే, చివరి పిల్లాడి దగ్గరికి చేరేలోపు మొదటి పిల్లాడు కళ్లు తెరిచాడని ఒక కథ ఫోన్లలో తిరుగుతుంటుంది. వినడానికి బాగుంటుంది. కానీ అప్పుడు మందు అంత ఎక్కడిది? ఆ వసంతంలో కాలిప్ కూడా తాను చేసిన పద్ధతిని మళ్లీ చేయలేకపోయాడు. కొన్ని నెలలపాటు చెంచాలతో కొలిచినంత మందు. ఎవరికి ఇవ్వాలి, ఎవరికి లేదనాలి అన్నది ఆ డాక్టర్లను తినేసిన ప్రశ్న. అమెరికాలోని ఎలై లిల్లీ కంపెనీ పెద్దఎత్తున తయారీ నేర్చుకున్నాకే ఊపిరి పీల్చుకున్నారు.

ఆ కొరత రోజుల్లోనే, 1922 జులైలో, టెడ్డీ రైడర్ అనే అయిదేళ్ల పిల్లవాడిని అమెరికా నుంచి తీసుకొచ్చారు. పన్నెండు కిలోల బరువు. ఆగస్టులో ఎలిజబెత్ హ్యూస్ వచ్చింది. అమెరికా విదేశాంగ మంత్రి కూతురు. పదకొండేళ్లప్పుడు షుగర్ బయటపడింది. మూడేళ్లు అలెన్ చేతి కింద పస్తులతో నెట్టుకొచ్చింది. పదిహేనో ఏడు దగ్గరపడుతున్నా ఇరవై కిలోలే. నడవడానికి కాళ్లలో కండ లేదు. బాంటింగ్ ఇన్సులిన్ మొదలుపెట్టడమే కాకుండా తిండి పెంచమన్నాడు. కొన్ని వారాల్లో ఆ పిల్ల రొట్టె తిన్నది, బంగాళాదుంప తిన్నది. ఏళ్లుగా కలలో చూసిన తిండి. ఇంజెక్షన్ తనే వేసుకోవడం నేర్చుకుంది. థాంక్స్‌గివింగ్ పండుగ నాటికి ఇల్లు చేరింది. మళ్లీ బడికి వెళ్లింది, 1929లో బార్నార్డ్ కళాశాలలో పట్టా తీసుకుంది.

అయితే ఆమె తన జబ్బును జీవితాంతం దాచింది. పెళ్లయి ముగ్గురు పిల్లల తల్లయ్యాక కూడా, ఆ ప్రస్తావనలు తీసేయించే ప్రయత్నం చేసింది. తాను లోకానికి రోగిలా కనిపించకూడదనుకుంది. ఆమెను తప్పుపట్టలేం. కానీ మన బడుల్లో ఇదే జరుగుతోంది, అదీ పన్నెండేళ్ల పిల్లల విషయంలో. ఆడపిల్లయితే రేపు సంబంధాలు రావని ఇంట్లో భయం. బడిలో చెప్పవద్దని పిల్లకు ఆన. ఆ పిల్ల మధ్యాహ్నం ఇంజెక్షన్ మరుగుదొడ్లో వేసుకుంటుంది, లేదా మానేస్తుంది. వంద సంవత్సరాల నాడు టొరంటోలో గెలిచిన పోరాటాన్ని మనం ఇలా మరుగుదొడ్డి తలుపు వెనక ఓడిపోతున్నాం.

ఎందుకంటే ఇన్సులిన్ జబ్బును నయం చేయదు. ఆ మాట బాంటింగ్‌కు మొదటినుంచీ తెలుసు. మందు పిల్లవాడిని రేపటిదాకా తీసుకెళ్తుంది, రేపు మళ్లీ వేసుకోవాలి. రోజులో మేలుకున్న గంటల్లో పెద్ద భాగం పిల్లలు బడిలో ఉంటారు. కాబట్టి ఆ పని సగం బడిలోనే జరగాలి.

ఆ పనేమిటో చూద్దాం. చాలామంది పిల్లలు భోజనానికి కాస్త ముందు ఇన్సులిన్ తీసుకుంటారు. ఇంజెక్షన్ పడ్డాక అన్నం ఆలస్యమైతే ప్రమాదం. బడిలో ఖిచిడీ వండే అక్క ఆ రోజు అరగంట ఆలస్యం చేసినా, మరుగున పెట్టిన సంగతి కాబట్టి ఎవరికీ చెప్పలేక ఆ పిల్ల వరుసలో నిలబడే ఉంటుంది. చక్కెర పడిపోతుంది. కుందేళ్లకు జరిగిందే. చెమటలు, చేతుల వణుకు, ఆకలి, చిరాకు, మాట తడబాటు. కొందరు పిల్లలు ఉన్నట్టుండి మొండిగా మాట్లాడతారు. మాస్టారికి అది పొగరులా కనిపించి గోడకు నిలబెడతారు. నిలబెట్టాల్సిన సమయం కాదది. మూడు టీస్పూన్ల చక్కెరో గ్లూకోజో నీళ్లలో కలిపి వెంటనే తాగించాలి. పావుగంట తర్వాత మళ్లీ చూడాలి, తగ్గకపోతే మళ్లీ ఇవ్వాలి, ఆ తర్వాత బిస్కెట్లో అన్నమో పెట్టాలి. ఒంటరిగా ఇంటికి పంపకూడదు, నీళ్ల ట్యాంకు దాకా కూడా పంపకూడదు. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు, పక్కకు తిప్పి పడుకోబెట్టి అంబులెన్స్ పిలవాలి. ఉప్పర్వాహి లాంటి చోట పెద్దాసుపత్రి అంటే చంద్రపూర్ దారి పట్టాలి. అందుకే చక్కెర డబ్బా టీచర్ బల్ల మీదే ఉండాలి.

షుగర్ ఉన్నవాళ్లకు చక్కెర పెట్టడమేమిటని ఆగిపోవద్దు. ఆ క్షణంలో చక్కెరే మందు.

ఆటల గంట ఇంకొకటి. పరుగు, కబడ్డీ చక్కెరను దించుతాయి. అంటే ఆటలు మానిపించాలని కాదు, ముందు చూసుకుని ఏదైనా తిని ఆడాలి. చక్కెర ఎక్కువైనప్పుడు దాహం, మూత్రం. ఆ పిల్లలు మాటిమాటికీ బయటికి వెళ్తామంటే సాకు అనుకోకూడదు. ఇంతవరకూ జబ్బు బయటపడని పిల్లవాడు అకస్మాత్తుగా నీళ్లు తెగ తాగుతూ, చిక్కిపోతూ, తరగతిలో కునుకుతుంటే ఇంటివాళ్లకు కబురు పెట్టాలి. చాలాసార్లు తల్లికంటే ముందు టీచరే గమనిస్తారు.

ఇక మన ఎండ. చంద్రపూర్ జిల్లాలో మే నెల ఎండ గురించి ఎవరికీ చెప్పనక్కర్లేదు. వాడని ఇన్సులిన్ సీసాలు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. ఫ్రిజ్ లేని ఇల్లయితే తడి ఇసుకలో పెట్టిన మట్టికుండలో, నీళ్లు తగలకుండా సంచీలో చుట్టి ఉంచితే చాలావరకు కాపాడుకోవచ్చు. స్కూల్ బ్యాగ్‌ను కిటికీ పక్క ఎండలో పెడితే లోపలి మందు పనికిరాకుండా పోతుంది, చూడటానికి మాత్రం మామూలుగానే కనిపించవచ్చు.

భాషా అల్పసంఖ్యాకుల బడులకు దీనిలో ప్రత్యేకమైన పని ఒకటుంది. ఈ రాజూరా ప్రాంతం 1956 వరకు నిజాం హైదరాబాద్ రాష్ట్రపు ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. గీత మారింది, ఇళ్లలో మాట మారలేదు. ఇక్కడి తల్లికి తెలుగు వచ్చు, డాక్టర్ మరాఠీలో చెబుతాడు, చీటీ ఇంగ్లీషులో ఉంటుంది. ఎన్ని యూనిట్లు, ఏ పూట, ఎప్పుడు మానాలి అన్నది ఈ మూడింటి మధ్య ఎక్కడో జారిపోతుంది. ఆ చీటీని తెలుగులో ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, డాక్టర్‌కు మళ్లీ చదివి సరిచూసుకుని, ఒకటి ఇంటి గోడకు, ఒకటి హాజరు పుస్తకంలో పెట్టగలిగినవాళ్లు మన టీచర్లే. చక్కెర పడిపోయేటప్పుడు పిల్లలకు నేర్చుకున్న భాష ముందుగా పోతుంది, ఇంటి భాష మిగులుతుంది అని వైద్యులు చెప్పకపోయినా, భయపడ్డ పిల్ల అమ్మ మాటలోనే గొణుగుతుందని ఎవరికైనా తెలుసు.

నియమాల మాటకొస్తే, టైప్ 1 పిల్లలు పరీక్ష హాలులోకి చక్కెర బిళ్లలు, పండు, చిరుతిండి, నీళ్లు తీసుకెళ్లవచ్చని సీబీఎస్‌ఈ 2017లోనే అనుమతించింది. తరగతిలోనే రక్తపరీక్ష చేసుకోనివ్వాలని, ఇన్సులిన్ వేసుకోనివ్వాలని, మధ్యలో తిననివ్వాలని జాతీయ బాలల హక్కుల పరిరక్షణ సంఘం 2023లో రాష్ట్రాలకు రాసింది. ప్రధానోపాధ్యాయులు ఆ సంగతి తెలుసుకుని ఉంటే తల్లిదండ్రులు బతిమాలుకోవలసిన అవసరం ఉండదు.

మళ్లీ బాంటింగ్ దగ్గరికి. 1923 జనవరిలో బాంటింగ్, బెస్ట్, కాలిప్ ఇన్సులిన్ హక్కులను తలా ఒక్క డాలరుకు విశ్వవిద్యాలయానికి రాసిచ్చేశారు. ఒక డాక్టర్ ఇలాంటి మందు మీద డబ్బు చేసుకోవడం బాంటింగ్‌కు తప్పనిపించింది. అంత చౌకగా వదులుకున్న మందు ఇవాళ కొన్ని దేశాల్లో పేదవాళ్లకు అందనంత ధర పలుకుతోంది, అది అతను ఊహించని ముగింపు. ఆ ఏడే నోబెల్ బహుమతి బాంటింగ్‌కు, మెక్లాయిడ్‌కు కలిపి వచ్చింది. వైద్యంలో అంత చిన్న వయసులో అది అందుకున్నవారు ఇప్పటికీ లేరు. బెస్ట్‌కు రాలేదని బాంటింగ్ మండిపడి తన డబ్బులో సగం అతనికిచ్చాడు. మెక్లాయిడ్ తన సగాన్ని కాలిప్‌తో పంచుకున్నాడు. బాంటింగ్ మెక్లాయిడ్‌ను చివరిదాకా క్షమించలేదు. నా లెక్కలో అది అన్యాయమే, గదీ కుక్కలూ సలహా ఇచ్చినవాడు లేకపోతే నోటు పుస్తకంలోని ముక్కలు అక్కడే ఉండిపోయేవి. రుమేనియాలో పౌలెస్కు అనే శాస్త్రవేత్త 1921లోనే ఇలాంటి రసం గురించి ప్రచురించాడు, అతన్ని ఎవరూ పట్టించుకోలేదు. కీర్తి పంపకం ఎప్పుడూ తూకంతో జరగదు.

మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు చదువు కోసం బోస్టన్ చేరిందీ ఆ రోజుల్లోనే. కండరం తన శక్తిని ఏ రూపంలో దాచుకుంటుందో తర్వాత ఆయన ఫిస్కేతో కలిసి చూపించాడు. చక్కెర కథకు అది పక్కింటి కథ, ఇంకోసారి చెప్పుకుందాం.

పేరు వచ్చాక బాంటింగ్ సుఖంగా ఏమీ లేడు. మళ్లీ అంతటి ఆవిష్కరణ చేయాలని అందరూ ఎదురుచూశారు, క్యాన్సర్ మీద ఏళ్లు పనిచేశాడు, ఫలితం రాలేదు. మొదటి పెళ్లి విడాకులతో ముగిసింది. మనసు బాగోనప్పుడు బొమ్మలు గీసేవాడు. చిత్రకారుడు ఎ.వై. జాక్సన్‌తో కలిసి 1927లో ఉత్తర ధ్రువ ప్రాంతానికి వెళ్లి మంచులో కూర్చుని రంగులు వేశాడు. 1934లో సర్ బిరుదు వచ్చింది, ఆ పేరుతో పిలిపించుకోవడం అతనికి నచ్చేది కాదు. గని కార్మికుల ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము పేరుకుని వచ్చే సిలికోసిస్ మీద అతని ప్రయోగశాల చాలాకాలం పనిచేసింది. గనుల మధ్య పెరుగుతున్న మన పిల్లలకు ఇది దగ్గరి విషయమే.

రెండో ప్రపంచ యుద్ధంలో పైలట్లకు ఆకాశంలో ఎదురయ్యే సమస్యల మీద పరిశోధన నడిపాడు. ఆ పని మీదే ఇంగ్లండుకు బయల్దేరిన చిన్న బాంబర్ విమానం 1941 ఫిబ్రవరి 20 రాత్రి న్యూఫౌండ్‌లాండ్‌లో మంచు అడవిలో కూలింది. పైలట్ బతికాడు. బాంటింగ్ మర్నాడు చనిపోయాడు, 49 ఏళ్ల వయసులో.

లెనార్డ్ థాంప్సన్ అప్పటికే లేడు. 1935లో, 27వ ఏట, న్యుమోనియాతో పోయాడు. ఇన్సులిన్ అతనికి పదమూడేళ్లు ఇచ్చింది. ఎలిజబెత్ 73 ఏళ్లు బతికి 1981లో చనిపోయింది, అప్పటికి ఆమె తీసుకున్న ఇంజెక్షన్లు నలభై వేలు దాటాయని లెక్క. పన్నెండు కిలోల బరువుతో టొరంటో వచ్చిన టెడ్డీ రైడర్, ఏడాది తిరిగేసరికి బొద్దుగా తయారై తన చేత్తో బాంటింగ్‌కు ఉత్తరం రాశాడు. అతను డెబ్బై ఏళ్లకు పైగా రోజూ ఇన్సులిన్ తీసుకుంటూ 1993 దాకా బతికాడు.